మైనం బిళ్ల

బనగానపల్లె,
4 మే 2006.

చిరంజీవి ఉదయశ్రీకి, మేనత్త సుందరలక్ష్మి దీవించి రాసేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నా వైపు కుశలం లేదు కాబట్టి సగం మాటే రాయాలి. నువ్వు ఆ హైదరాబాదులో వేళకు తింటున్నావా, లేక రోగాల ముక్కల్ని భూతద్దంలో చూసే ఆ చదువులో పడి తిండి మరిచిపోతున్నావా అని మీ నాన్నను అడిగితే, "బాగానే ఉండాదిలే అక్కా" అంటాడు. కడపలో గుడ్డలంగడి గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి లోకమంతా బాగానే ఉంటుంది.

విషయానికి వస్తాను. ముట్టు ఆగిపోయి ఏళ్లయిన నాకు శివరాత్రి దాటాక మళ్లీ కనబడింది. ఎవరికీ చెప్పలేదు. ఉగాదికి మళ్లీ అయింది. వేడి చేసిందనుకొని సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాను. తగ్గలేదు. చివరికి మీ మామతో చెబితే, మామిడికాయ దిగే రోజుల్లో మండీ వదిలేసి ఆ పూటే నన్ను కర్నూలు తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ లోపల గీకి ముక్కలు తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరని వచ్చింది. భయమేసింది ఉదయా. చాలా భయమేసింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మీ మామ దారి పొడవునా నా చెయ్యి పట్టుకొనే కూర్చున్నారు. పెళ్లయిన కొత్తలో కూడా నలుగురిలో అట్లా పట్టుకోలేదు.

అయితే చిక్కు అక్కడితో అయిపోలేదు. అది గర్భసంచి లోపల పుట్టిందా, సంచి మూతిలో పుట్టిందా తేలడం లేదట. రెండు చోట్ల గీకిన దాంట్లోనూ కనబడుతోందట. లోపల పుట్టినదైతే ముందు ఆపరేషను, మూతిలో పుట్టినదైతే రేడియేషనని కరెంటు పెట్టడం. అది తేలకుండా చెయ్యి వెయ్యనంది డాక్టరమ్మ. హైదరాబాదులో ఏవో ప్రోటీన్లు చూసి తేలుస్తారట. ప్రోటీనంటే నాకు తెలిసింది మా తేజేశ్వర్‌కు చిన్నప్పుడు పాలలో కలిపిచ్చిన డబ్బా పొడి ఒక్కటే. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో ఉన్న వాడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. కోడలికి ఎనిమిదో నెల.

ఫోన్ చెయ్యలేదేమని కోప్పడకు. ఫోన్ అంగట్లో ఉంది, చుట్టూ హమాలీలు. ఇలాంటి మాటలు వాళ్ల మధ్య ఎట్లా మాట్లాడను? నాకు అర్థమయ్యేటట్టు, అన్నీ వివరంగా రాయి.

నీ అత్త,
సుందరలక్ష్మి

---

హైదరాబాదు,
9 మే 2006.

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. తర్వాత ముఖం కడుక్కొని మా ప్రొఫెసర్ దగ్గరికి పోయి అడిగాను. ధైర్యంగా ఉండు. ఈ పరీక్ష మా దగ్గర జరుగుతుంది.

అర్థమయ్యేటట్టు రాయమన్నావు కదా. మామిడిపండ్లు తొక్క తీసి, ముక్కలు కోసి పళ్లెంలో పెడితే అది బేనీషానో తోతాపురియో మామ ఎట్లా చెబుతారు? పీచు చూస్తారు, వాసన చూస్తారు. ఇది కూడా అంతే. ఏ చోట పుట్టిన కణాలకు ఆ చోటి ప్రోటీన్లు ఉంటాయి. నీ ముక్కల్ని కర్నూలు ల్యాబులో మైనంలో పొదిగి చిన్న బిళ్లలు చేసి ఉంటారు. ఆ బిళ్ల నుంచి మేము ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు పలక మీద పెట్టి, ఒక్కో ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే మందు పోస్తాం. ఆ ప్రోటీన్ ఉంటే అక్కడ గోధుమరంగు పడుతుంది. నీకు నాలుగు చూడాలి. విమెంటిన్, ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనే రెండూ రంగు పడితే సంచి లోపల పుట్టినట్టు. సీఈఏ, పీ సిక్స్‌టీన్ అనే రెండూ నిండుగా పడితే మూతిలో పుట్టినట్టు. ఒక్కదాన్ని చూసి చెప్పకూడదు, నాలుగూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకో సంగతి. మూతిలో వచ్చేదానికి ఎక్కువగా ఒక వైరస్ కారణం. అది మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు అంటుతుంది, ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోతుంది. పీ సిక్స్‌టీన్ నిండుగా పడిందంటే ఆ వైరస్ పని జరిగిందనుకోవచ్చు. లోపల పుట్టేదానికి దాంతో సంబంధం లేదు. పోయిన వారమే దీని మీద సెమినార్ చెప్పాను, మెచ్చుకున్నారు.

మామను కర్నూలు ల్యాబుకు పంపి, సంతకం పెట్టి ఆ మైనం బిళ్లలు తీసుకోమను. ఆలస్యం చెయ్యకుండా నాకు చేర్చండి.

నీ
ఉదయ

---

బనగానపల్లె,
15 మే 2006.

చిరంజీవి ఉదయకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామిడిపండు సంగతి బాగా అర్థమైంది. ఇంత తెలివి పెట్టుకొని చిన్నప్పుడు ఎక్కాలకెందుకు అంత ఏడ్చావో!

మీ మామ కర్నూలు పోయి బిళ్లలు తెచ్చారు. చూపించమంటే, "నువ్వు చూసేదేముండాదిలే" అని చూపించలేదు. హైదరాబాదు లోడుతో పోయే మన డ్రైవరు గోపన్న చేతికిచ్చి పంపేశానన్నారు. ఈపాటికి నీకు అంది ఉంటాయి.

ఒక నవ్వులాట సంగతి చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం పెడుతూ, "ఏమండీ, ఇది మగవాళ్ల నుంచి కూడా వస్తాదంట. రంగు పోసి చూస్తే తెలిసిపోతాదంట. జాగ్రత్త!" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ మనిషితో అట్లా మాట్లాడితే నవ్వుతారని. ఆయన చారు కలుపుతున్న చెయ్యి అట్లాగే ఆపి, కంచంలో నీళ్లు పోసి లేచిపోయారు. ఎంత పొరపాటు చేశాను చూడు! నాకు జబ్బు చేసిందని ఆ మనిషి కుమిలిపోతుంటే నేను ఎగతాళి చేశాను.

అప్పటినుంచి ఒకచోట నిలవడం లేదు. మండీకి పోతారు, అర్ధగంటకు తిరిగొస్తారు, నన్ను చూస్తారు, మళ్లీ పోతారు. ఇంకో వింత. బనీన్లు తానే ఉతుక్కుంటున్నారు! లోపల జేబు కుట్టించుకుంటారే, వ్యాపారం సొమ్ము పెట్టుకునేది, ఆ బనీను. నేను ఉతుకుతానంటే, "నీకు బాలేదు, నీళ్లలో చేతులు పెట్టగాకు" అంటారు. సగం సబ్బు అట్లాగే వదిలేసి ఆరేస్తారు. చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

పరీక్షలో ఏం తేలినా ముందు నాకే రాయి.

నీ అత్త

---

హైదరాబాదు,
23 మే 2006.

అత్తా,

బిళ్లలు రాలేదు. రోజూ గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడుగుతున్నాను, ఇప్పుడు నన్ను చూస్తేనే ముందుగా తల అడ్డంగా ఊపుతున్నాడు. గోపన్న పేరుతో ఎవరూ రాలేదు.

కోపం వస్తే రానీ, ఉన్న మాట అడుగుతాను. అవి నీ దగ్గరే ఉన్నాయా? తేజేశ్వర్ బావ బొడ్డుతాడు ఇప్పటికీ వెండి తాయెత్తులో పెట్టి దాచినదానివి నువ్వు. నీ ఒంటి ముక్క పరాయి ఊళ్లో పరాయివాళ్ల చేతుల్లో పడకూడదని, పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నావేమో అని నాకు అనుమానం. ఫలితం తెలియకపోతే భయం కూడా ఉండదని అనుకున్నావా? అది లోపల పెరుగుతూనే ఉంటుంది అత్తా. మేము చూసినా, చూడకపోయినా పెరుగుతుంది. దయచేసి పంపు.

ఉదయ

---

బనగానపల్లె,
27 మే 2006.

ఉదయశ్రీకి,

ఈసారి దీవెనలు లేవు. కోపంగా ఉన్నాను.

నేను దాచుకున్నానా? బొడ్డుతాడు దాచుకున్న మాట నిజమే. బిడ్డ కడుపునొప్పికి అరగదీసి పెట్టేవాళ్లు మా అత్తగారు, అందుకు దాచాను. క్యాన్సర్ ముక్కకు పసుపు కుంకుమ పెట్టేంత పిచ్చి నాకింకా పట్టలేదు. బతకాలని లేకపోతే నీకెందుకు రాస్తాను? కోడలు వచ్చే నెలాఖరుకు ప్రసవిస్తుంది. ఆ బిడ్డకు నేను నీళ్లు పోయాలి. నాకు ఆ కోరిక ఉంది. చాలా ఉంది.

మీ ఆసుపత్రిలోనే ఎక్కడో పోగొట్టి ఉంటారు. పెద్ద ఆసుపత్రుల్లో మనుషులే తప్పిపోతారు, అగ్గిపెట్టెంత లేని బిళ్ల ఎంత? మీ మామను అడిగితే, "గోపన్న ఇచ్చినానంటాండాడు. ఆ పిల్లనే సరిగ్గా చూసుకోమను" అన్నారు. నీ మీద నెపం వేస్తే నాకు కష్టంగానే ఉంది, కానీ ఆయన అబద్ధమెందుకు చెబుతారు? సాయంత్రమైతే వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంటారు. నన్ను మించి భయపడుతున్నారు పాపం.

డాక్టరమ్మ కబురు చేసింది, ఏం తేలిందని. ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

సుందరలక్ష్మి

---

హైదరాబాదు,
1 జూన్ 2006.

అత్తా,

క్షమించు. నిన్ను అనుమానించాను, తప్పు.

కానీ ఇది చదువు. మా ఆసుపత్రిలో వచ్చిన ప్రతి బిళ్లకూ నంబరు వేసి రాసుకుంటారు, నీవి రానేలేదు. అందుకే నిన్న అంగడికే ఫోన్ చేశాను. మామే ఎత్తారు. "మామా, నేను ఉదయను" అన్నాను. "రాంగ్ నంబరమ్మా" అని పెట్టేశారు. అత్తా, నన్ను భుజాన ఎక్కించుకొని బెలుం గుహలు చూపించిన మనిషి ఆయన. నా గొంతు తెలియదా? మళ్లీ చేస్తే హమాలీ ఎత్తాడు. గోపన్న ఉన్నాడా అని అడిగాను. వాడు ఫోన్‌లోకి వచ్చి, "నాకెవురూ ఏమీ ఇయ్యలేదు డాక్టరమ్మా. ఇచ్చింటే తెచ్చిచ్చేవాణ్ణి కాదా?" అన్నాడు.

ఏం జరుగుతోందో నాకు తెలియదు. నువ్వు ఇంట్లో ఉన్నావు, నువ్వే చూడాలి. త్వరగా చూడు.

ఉదయ

---

బనగానపల్లె,
6 జూన్ 2006.

ఉదయా,

దొరికాయి.

నీ ఉత్తరం చదివి ఏమీ అడగలేదు. మరునాడు ఆయన స్నానానికి పోయినప్పుడు కొయ్యకు తగిలించిన బనీను తీశాను. చేతిలోంచి జారి గోడకు తగిలి టక్కుమంది. గుడ్డ చప్పుడు చెయ్యదు కదా. జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో నా పేరు రాసిన రెండు మైనం బిళ్లలు. కర్నూలు నుంచి తెచ్చినప్పటినుంచి అవి ఆ మనిషి ఒంటిమీదే ఉన్నాయి. బనీన్లు ఎందుకు ఉతుక్కున్నారో అప్పుడు తెలిసింది.

వాటిని చేతిలో పట్టుకొని స్నానాలగది వాకిట్లో కూర్చున్నాను. తలుపు తీసి చూసి, తడి ఒంటితోనే ఆ మెట్టు మీద కూలబడిపోయారు.

"నేనే ఇచ్చినా సుందరా నీకీ రోగం" అన్నారు.

తేజేశ్వర్ బడికి పోయే రోజుల్లో మామిడి లోడ్లతో నాగపూరు పోయి, సీజనంతా అక్కడే ఉండి అమ్మకాలు చూసుకొని వచ్చేవారు. ఆ దిగిన ఇంట్లో ఒకామె ఉండేదట. మూడు సీజన్లు. "తరవాత యాడికీ పోలేదు. దేవునిమీద ఒట్టు. రంగు పోస్తే నా పేరు బయటికొస్తాదని బయపడినా. ఆ పిల్ల చేతికే పోతాండాదే, అది మన బిడ్డ కదా, దాని ముందర ఎట్ల నిలబడాల? బస్టాండుదాకా పోయినా, బస్సెక్కలేక తిరిగొచ్చినా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

నాగపూరు ఆమె మీద నాకు ఆ క్షణంలో కోపం రాలేదు. అది తర్వాత వచ్చింది, ఇప్పుడు కూడా ఉంది. కానీ ముందు వచ్చిన కోపం వేరు. "నీ పరువు కోసం నా పాణం జేబులో పెట్టుకొని తిరిగినావా?" అని అడిగాను. పెళ్లయినప్పటినుంచి "మీరు" అని తప్ప అనని నోరు నాది.

నేను నవ్వుతూ అన్న మాట ఆ మనిషిని ఇన్నాళ్లు కాల్చింది. నాకు తెలియక అన్నాను. తెలిసి ఉంటే ఏమనేదాన్నో.

ఈ ఉత్తరం ముందే అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. శుక్రవారం తెల్లవారి బస్సుకు ఆయనే వస్తారు, ఆయనే నీ చేతిలో పెట్టాలని చెప్పాను. నువ్వు ఏమీ అనకు. భోజనం పెట్టు. ఫలితం మాత్రం నాకు ఒక్కదానికే రాయి, ఇంటి చిరునామాకు, నువ్వు కూడా స్పీడ్ పోస్టులో. మూతిదనే వస్తుందని మనసు గట్టి చేసుకున్నాను. ఆయన చెప్పాక ఇంక పరీక్ష దేనికి అనిపిస్తోంది కూడా. కానీ డాక్టరమ్మకు కావాలి కదా.

అత్త

---

హైదరాబాదు,
15 జూన్ 2006.

అత్తా,

ముందు ఫలితం, తర్వాత మిగతాది. నీది గర్భసంచి లోపల పుట్టింది. మూతిలో కాదు.

విమెంటిన్, ఈస్ట్రోజన్ రిసెప్టర్ రెండూ చక్కగా గోధుమరంగు పడ్డాయి. సీఈఏ పడలేదు. పీ సిక్స్‌టీన్ అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా ఉంది, నిండుగా లేదు. మా ప్రొఫెసర్ నాలుగు గాజు పలకలూ వరసగా పెట్టుకొని చూసి, సందేహం లేదన్నారు. కర్నూలు డాక్టరమ్మకు రిపోర్టు ఫ్యాక్స్ చేశాం. ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైంది, నిజమే, కానీ దాటిపోలేదని నా నమ్మకం. ముక్క తీరు చూస్తే మరీ దుడుకు రకంలా లేదు.

అంటే ఆ వైరస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నాగపూరుకూ దీనికీ సంబంధం లేదు. నీకు ముందు కావలసింది ఈ పరీక్ష ఎందుకో తెలియడం ఒక్కటే. నేను సెమినార్‌లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదంతా ఉత్తరంలో కుమ్మరించాను. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే బిళ్లలు మే నెలలోనే నాకు అందేవి. ఆ సంగతి తలచుకుంటే అన్నం సహించడం లేదు.

మామ వచ్చినప్పుడు ఒక చేతిలో బేనీషా పండ్ల బుట్ట, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టుకొని కారిడార్‌లో నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి తీసి ఇస్తూ, "దీంట్లో ఎవురి వల్ల వచ్చిందో ఆ మనిషి పేరు గూడా తెలుస్తాదామ్మా?" అని అడిగారు. తెలియదు మామా, ఏ చోట పుట్టిందో మాత్రమే తెలుస్తుందన్నాను. నమ్మినట్టు లేదు. ఒంటి వేడికి, రాపిడికి మైనం అంచులు నున్నబడి గుండ్రంగా అయిపోయాయి. లోపలి ముక్కకు ఏమీ కాలేదు.

మామకు ఫోన్ చేసి చెప్పాలని మనసు పీకుతోంది. ఆయన వల్ల రాలేదని తెలిస్తే ఆ మనిషి మళ్లీ అన్నం తింటారు. కానీ నువ్వు చెప్పమనేదాకా నోరు విప్పను. బిళ్లలు ఇక్కడే భద్రంగా ఉంటాయి, కావాలంటే తర్వాత అడిగి తీసుకోవచ్చు.

నీ
ఉదయ

---

కర్నూలు,
22 జూన్ 2006.

చిరంజీవి ఉదయకు అత్త దీవెనలు. పాత బాకీ దీవెనలు కూడా కలిపి తీసుకో.

ఆసుపత్రి మంచం మీద కూర్చొని, అన్నం తట్ట బోర్లించి దాని మీద రాస్తున్నాను, గీతలు వంకరపోతే ఏమీ అనుకోకు. రేపు పొద్దున ఆపరేషన్. మీ నాన్న వచ్చి వరండాలో కూర్చొని పేపరు చదువుతున్నాడు. ఏమిరా అంటే "బాగైపోతాదిలే అక్కా" అంటున్నాడు. ఇప్పుడు ఆ మాట కూడా వినడానికి బాగానే ఉంది.

నీ ఉత్తరం అందిన రోజు చదివి, మడిచి, పోపుల డబ్బా కింద పెట్టాను. మీ మామకు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. నిజం చెబుతున్నాను, ఇంకాస్త కాలనిద్దామనుకున్నాను. ఆపరేషన్ అనగానే అది ఏ రోగానికో కూడా అడగలేదు ఆ మనిషి. పొద్దున ఒక కొబ్బరిబోండాం, సాయంత్రం ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టి, నేను తాగేదాకా గోడ చూస్తూ నిలబడతారు. మండీ తాళం వేసి వచ్చారట, సీజన్ మధ్యలో! చూస్తూ ఉన్నాను. జాలి వస్తుంది, అంతలో నాగపూరు గుర్తొస్తుంది, జాలి పోతుంది. రోజంతా ఇదే పని నాకు.

ఈరోజు నర్సు ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. భర్త పెట్టాలట. పెన్ను పట్టుకున్నారు, మూత పెట్టి మంచం మీద పెట్టేశారు. ఇంకోసారి తీసుకొని, నర్సు చేతికే తిరిగి ఇచ్చారు. "నా చేత్తో ఎట్ల పెట్టాలమ్మా? ఎవురన్నా మంచోళ్లతో పెట్టియ్యండి" అన్నారు నర్సుతో. ఆ పిల్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇంక ఓర్చుకోలేకపోయాను.

"ఇది నీ వల్ల వచ్చింది కాదంట. ఉదయ నాలుగు రంగులూ పోసి చూసింది. లోపలే పుట్టిందంట. పెట్టు సంతకం" అన్నాను.

మీ మామ నా మొహం చూశారు, నర్సు మొహం చూశారు. "నిజంగానా?" అన్నారు. నిజమేనన్నాను. వార్డులో అందరూ చూస్తుండగా, నా మంచం కోడు పట్టుకొని పెద్దగా ఏడ్చారు. పక్క మంచం ఆమె నాకేదో అయిపోయిందనుకొని లేచి కూర్చుంది. తర్వాత కళ్లు తుడుచుకొని గుండ్రంగా, అంగడి రశీదు మీద పెట్టినంత పొందికగా సంతకం పెట్టారు. పెట్టి, చాలా రోజుల తర్వాత నన్ను నేరుగా చూశారు. అంతా తీరిపోయినట్టు చూశారు.

అప్పుడన్నాను. "రోగం సంగతి చెప్పినా. నాగపూరు సంగతి నేనింకా ఏమీ అనలేదు. బాగై ఇంటికి వచ్చినాక అంటా."

తల ఊపారు. "అను. నువ్వు ఇంటికి రా, ఎంతైనా అను" అన్నారు.

కాబట్టి రేపు నేను బతకాల్సిన పని ఇంకొకటి పెరిగింది. కోడలి బిడ్డకు నీళ్లు పోయాలి, మీ మామను తిట్టాలి. రెంటికీ ఒంట్లో బలం కావాలి.

నువ్వు ఆ నాలుగు వాక్యాల గురించి కుమిలిపోవద్దు. అన్నం తిను. నువ్వు రాయకపోతే బిళ్లలు నీకు తొందరగా చేరేవి, నేను ఆయన చేసింది తెలియకుండానే పోయేదాన్ని. ఏది మేలో నాకింకా తేల్చుకోవడం కుదరలేదు. దానికి మీ ఆసుపత్రిలో రంగు ఉంటే చెప్పు.

బిళ్లలు మీ దగ్గరే ఉండనీ. మా ఇంట్లో దాచే చోట్లు మంచివి కావు. ఆదివారం నన్ను చూడటానికి వస్తానన్నావట. వచ్చేటప్పుడు కోఠీలో మీ మామ కొలతకు రెండు బనీన్లు కొనుక్కొని రా. జేబులు లేనివి.

నీ అత్త,
సుందరలక్ష్మి